ఎనిమిదో తూము

కలిదిండి అవతల తన చెరువు గట్టు మీద, కాపలా షెడ్డులో కూర్చున్న వెంకట్రాజుకు ఆ ఉదయం ఒక్కటే పని. తాడేపల్లిగూడెంలో ఉన్న వ్యాపారి సూర్యప్రకాశరావుకు కెమెరాలో చేపలు చూపించి, పట్టుబడికి ముందే తన రేటుకు ఒప్పించాలి. రేటు దగ్గర ఆ వ్యాపారి నత్తలాగా కదులుతాడు. ఆరోజు కెమెరా కూడా అలాగే కదిలింది. మేతకు ఎగిరిన బొచ్చె చేప తెర మీద గాలిలోనే ఆగిపోయి, ఇంటికొచ్చిన చుట్టంలాగా ఎంతకీ కదల్లేదు.

షెడ్డు గోడకు అల్లుడు వినయ్ బిగించిన నెట్‌వర్క్ స్విచ్ ఉంది. దానికి ఎనిమిది పోర్టులు. కెమెరాకొకటి, నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లకొకటి, మేత యంత్రానికొకటి. ఏది మూయాలన్నా ఫోన్లో నొక్కితే చాలు. పుట్టినప్పటి నుంచి నీళ్ళు మళ్ళించిన వెంకట్రాజుకు విషయం ఇట్టే తేలిపోయింది. ఇవీ తూములే! శివారు చేలకు నీరందకపోతే పై తూములు మూయాలి. కెమెరాది వదిలి వరసగా మూసుకుంటూ పోయాడు. ఎనిమిదో దాని దీపం తెగ మిణుకుమంటోంది.

"నెట్టంతా తాగేస్తోంది నువ్వేనట్రా, దొంగా!" అని దాన్నీ నొక్కేశాడు.

షెడ్డుకు నెట్ వచ్చేదే ఆ పోర్టు గుండా. కెమెరా చచ్చింది. మళ్ళీ తెరుద్దామంటే ఫోన్లో పేజీ గానుగెద్దులా తిరుగుతోంది. కంగారుగా ఏలూరులోని అల్లుడికి ఫోన్ చేశాడు.

"కాలవ లాకులే దించేసి, చేలో నీళ్ళు లేవంటే ఎలాగండీ మావయ్యగారూ! సేవ్ కొట్టారా?"

"అదెక్కడుంది బాబూ?"

"కొట్టలేదు కదా! అయితే కరెంటు తీసి..."

మిగతా మాటను సైరన్ మింగేసింది. ఏరేటర్లకు నెట్ తెగిన కాసేపటికి మోగేలా దాన్ని పెట్టింది కూడా అల్లుడే. ఆ మోత గుడివాడ దాకా వినబడిందంటారు. కైకలూరు దాకా మాత్రం ఖాయం.

ఆ పల్లెల్లో సైరన్ మోగిందంటే చెరువు గట్టు తెగిందనే అర్థం. గట్టు తెగి కాలవలో పడ్డ చేప, పట్టుకున్నవాడిదే. క్షణాల్లో ఊరు ఊరంతా గట్టెక్కింది. ముందు వలతో ఏసుబాబు, వెనక గంపతో సారమ్మ.

"గట్టు తెగలేదర్రా!" అని వెంకట్రాజు మొత్తుకున్నాడు.

"అయ్యో, సాయానికొచ్చామండి రాజుగారూ!" అన్నాడు ఏసుబాబు.

"వలలేసుకునా?"

"గట్టు పూడ్చాక కాళ్ళు కడుక్కోవాలి కదండీ," అంది సారమ్మ, గంప వెనక్కి దాచుకుంటూ.

తెగలేదంటే దాచుకుంటున్నాడనుకుని సగం మంది నీళ్ళలోకి దిగి మరీ వెతికారు. అంతలో టిఫిను తెచ్చిన భార్య వెంకటలక్ష్మి, "ఏవండీ, ఏమిటండీ ఈ గోల!" అంటూ చెవులు మూసుకుని, కనబడిన ప్లగ్గు పీకేసింది. సైరన్ ఆగింది. స్విచ్ కూడా ఆరిపోయింది. మొగుడు లబలబలాడితే విసుక్కుంటూ ప్లగ్గు మళ్ళీ గుచ్చింది. సేవ్ కొట్టకుండా మూసిన తూములన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి. కెమెరా నిగనిగలాడుతూ లేచి, చెరువు నిండా మనుషుల్నీ వలల్నీ తాడేపల్లిగూడెం దాకా చూపించింది.

మరుక్షణం ఫోన్ మోగింది.

"ఏవండీ రాజుగారూ! నాకు చూపిస్తానని ఇంకెవరికో పట్టించేస్తారా? ఇదేం మర్యాదండీ?" అని అరిచాడు సూర్యప్రకాశరావు. "మీరన్న రేటే! ఆపండి, లారీతో వచ్చేస్తున్నా!"

వెంకట్రాజు చెరువులోకి చూశాడు. "పైకి రండర్రా," అన్నాడు ప్రశాంతంగా. "కాళ్ళు కడుక్కోవడం అయిందిగా."

ఇప్పుడా చుట్టుపక్కల రైతులు పట్టుబడికి ముందు ఆయన దగ్గరికొచ్చి, ఏ పోర్టు మూయాలో అడిగి వెళుతున్నారు.