పల్లంరాజు బండిలో ఆరని దీపం

ప్రిస్కిల్లా గారి కారు మొగల్తూరు వీధిలోకి తిరగడం, పల్లంరాజు పికప్ బండి డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలగడం ఒకేసారి జరిగాయి!

"మావా, మళ్లీ వెలిగింది!" లోపల కూర్చుని సీటు తుడుస్తున్న అతని భార్య వీరదుర్గ అరిచింది.

"ఆర్పెయ్!"

"ఎలా ఆర్పను? నోటితో ఊదనా?"

ఇంకో నిమిషంలో భీమవరం రొయ్యల కంపెనీ ఇన్‌స్పెక్టర్ ప్రిస్కిల్లా గారు బండి తలుపు తీస్తారు. ఒక్క వార్నింగ్ లైటు కనిపించినా సరే, కంపెనీకి సరుకు మోసే బండ్ల లిస్టులోంచి ఈ బండి ఔట్! ఏడాది కాంట్రాక్టు ఔట్! పల్లంరాజు మళ్లీ బావమరిది ఉదయ్‌కుమార్ దగ్గర డ్రైవరుగా చేరాలి. ఆ బావమరిది చేత "బావా, ఏసీ తగ్గించు" అనిపించుకుంటూ బతకాలి!

వీరదుర్గ ఒక్క క్షణం ఆలోచించింది. నుదుటి మీద స్టిక్కర్ బొట్టు పీకింది. లైటు మీద అతికించింది. లైటు మాయం!

ఇంత ఉత్కంఠలోనూ మీకో సత్యం చెప్పక తప్పదు. ఆ పసుపు లైటు ఆధునిక మానవుడికి దొరికిన వరం! నవ్వకండి. మూడు నెలలు దాంతో కాపురం చేసిన పల్లంరాజును అడగండి.

అసలు ఆ లైటు నేరమేంటి? ట్యాంకులో పెట్రోలు ఆవిరి గాలిలో కలవకుండా పట్టి ఉంచే ఏర్పాటు ఒకటి బండిలో ఉంటుంది. ఎక్కడైనా సందు దొరికి ఆవిరి జారుకుంటే లైటు వెలుగుతుంది. అంతే! బండి ఆగదు. హారన్ శుభ్రంగా మోగుతుంది. ఆగని బండిలో ఆరని దీపం! ఇంతకంటే శుభం ఏముంటుంది?

ఈ లైటు రాకముందు పల్లంరాజుకి పక్కనున్న నరసాపురంలో ఒక్క స్నేహితుడు లేడు. ఇప్పుడు మెకానిక్ ఆశీర్వాదం ప్రాణమిత్రుడు! ఆయన కూతురికి లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో కన్నతండ్రి కంటే ముందు పల్లంరాజుకే తెలుస్తుంది.

ఆశీర్వాదం మెకానిక్ కాదండీ, డిటెక్టివ్! స్కానర్ తగిలించి, కళ్లు చిన్నవి చేసి, "ఆవిరి లీకు" అంటాడు. ఎక్కడ? అదే మిస్టరీ!

మొదటి అనుమానితుడు ఆవిరిని ఇంజిన్లోకి వదిలే పర్జ్ వాల్వ్. పట్టుకుని పీకేశారు. కొత్తది వేశారు. లైటు ఆరింది. మూడో రోజు వెలిగింది! రెండో అనుమానితుడు ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బా. దాన్నీ ఊడదీశారు. లైటు ఆరింది. నాలుగో రోజు వెలిగింది! ఆ తర్వాత రబ్బరు గొట్టాల వంతు. వరసపెట్టి అరెస్టులు! ఒక్కటీ నేరం ఒప్పుకోలేదు.

భక్తి సంగతి చెప్పనే లేదు. మూడు నెలల కిందట బండికి చేసిన పూజప్పుడూ, ఆ తర్వాత లైటు ఆరిన ప్రతిసారీ పల్లంరాజు తల్లి అప్పాయమ్మ దారానికి పసుపు రాసి ఇచ్చేది. పల్లంరాజు స్నానం చేసి, పెట్రోలు ట్యాంకు మూత తీసి, గొట్టం మెడ చుట్టూ ఆ దారం కట్టి, కుంకుమ పెట్టి, మూత పెట్టేవాడు. స్టీరింగుకి కట్టొచ్చు కదా అంటారా? బండి నోరు అదైనప్పుడు ఇంకెక్కడ కడతాడు? అగరుబత్తి కూడా వెలిగించబోతే ఆశీర్వాదం గడ్డం పట్టుకుని బతిమాలి ఆపాడు. పరాయివాళ్ల పూజ జరిగిన చోట చెయ్యి పెట్టడం మర్యాద కాదని, ఆయన ఆ మూత వైపు మళ్లీ వెళ్లలేదు. ఎంత సంస్కారం!

లైటు పుణ్యమా అని పల్లంరాజు పట్టిసీమ చూశాడు. అన్నవరం కొండ మీద వ్రతం చేయించాడు. కొండ మీద లైటు ఆరింది. ప్రసాదం తిన్న చెయ్యి కడిగేలోపు వెలిగింది!

ఊరికి జరిగిన మేలు కొంచెమా? టీ కొట్టు దగ్గర ప్రతివాడూ శాస్త్రవేత్త అయ్యాడు. సముద్రపు గాలి అని ఒకడు, బంకులో కల్తీ అని ఒకడు. పల్లంరాజు మాత్రం ఉదయ్‌కుమార్ దిష్టి అని తేల్చేశాడు.

"మా తమ్ముడి కంటికి అంత పవరుంటే నీ గురక ఎప్పుడో ఆగిపోవాలి!" అంది వీరదుర్గ.

సరే, కథలోకి వద్దాం. తలుపు తెరుచుకుంది!

ప్రిస్కిల్లా గారు డ్రైవరు సీట్లో కూర్చున్నారు. డాష్‌బోర్డు చూశారు. "బండికి బొట్టేంటండీ?"

"ఆయ్! మా ఇంటి ఆడపడుచు కదండీ," అన్నాడు పల్లంరాజు.

"మీ ఆడపడుచు బొట్టు చుట్టూ వెలుగొస్తోందండీ."

గోటితో పీకారు. లైటు భగ్గుమంది!

వీరదుర్గ కళ్లు మూసుకుంది. పల్లంరాజుకి ఉదయ్‌కుమార్ బండి, ఆ ఏసీ కళ్లముందు కదిలాయి.

ప్రిస్కిల్లా గారు మాత్రం కోప్పడలేదు. "ట్యాంకు మూత చూశారా?"

"మూతా? దానికేం తెలుసండీ పాపం!"

ఆవిడ దిగి, వెనక్కి వెళ్లి, మూత తీశారు. కింద పదకొండు పసుపు దారాలు! గట్టిపడి, కుంకుమ పట్టి, మూత లోపలి రబ్బరు రింగుని ఆనుకోనివ్వకుండా దిండులా కూర్చున్నాయి.

"టక్‌మనేదాకా బిగించరా?"

"బిగిస్తే దారం తెగిపోద్దండీ. అందుకే బంకువాళ్లనీ ముట్టుకోనివ్వను. నేనే మెల్లగా పెడతాను."

"ఆవిరి కూడా అంతే మెల్లగా పోతోందండీ, ఇన్నాళ్ల నుంచి!"

ఆవిడ ఫారం తీశారు. "దారాలు తీసి, మూత బిగించి, వారం తర్వాత తీసుకురండి. లైటు లేకపోతే లిస్టులో ఉంచుతా. కానీ ఇక్కడో గడి ఉంది, లోపానికి కారణం ఎవరని. ఖాళీగా వదిలితే బండి ఇప్పుడే రిజెక్టు."

"పర్జ్ వాల్వ్ అని రాసేయండి."

"దాన్ని మార్చేశావు కదా మావా!" గుర్తుచేసింది వీరదుర్గ.

పల్లంరాజు భార్య వైపు చూశాడు. "పోనీ, ఉదయ్..."

"ఊఁ?" అంది వీరదుర్గ.

అయ్యా, ఇక ఒప్పుకుంటాను. ఆ లైటు వరమేమీ కాదు. పాపం అది మూడు నెలలుగా ఒకే ముక్క చెబుతోంది, మూత సరిగ్గా పెట్టమని! మనం దానికి మొక్కాం, బొట్టు అతికించాం, కనిపించిన ప్రతివాడి మీదా అనుమానపడ్డాం. మన చేత్తో మనం పెట్టిన మూత ఒక్కటే చూడలేదు. మూడు నెలల్లో పదిమంది పేర్లు గడగడా చెప్పిన పల్లంరాజుకి, ఈ ఒక్క పేరుకి మాత్రం నోరు తిరగలేదు.

"రాసుకోండి మేడమ్ గారూ..." అని ఏదో గొణిగాడు.

గుమ్మంలోంచి అప్పాయమ్మ కేకేసింది. "గట్టిగా చెప్పరా! నీ కాంట్రాక్టు, నీ నోరు!"

పల్లంరాజు కళ్లు గట్టిగా మూసుకుని, వీధంతా వినిపించేలా చెప్పాడు.

"పల్లంరాజండీ!"