నలభై రెండు గుండెల తల్లి

ఆ శనివారం పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి క్లినిక్కు తెరవాలి. సాయంత్రం ఐదులోగా పదిమంది పాఠకుల అభిప్రాయాలు సంపాదించి ప్రచురణకర్తకి పంపాలి. అంతే.

తొమ్మిదేళ్ళు కూర్చుని ఆయన ఒక నవల రాశాడు. జలాంతర్గాముల యుద్ధం మీద నాలుగు వందల పదహారు పేజీలు. సముద్రంలో ఆయన దిగింది రెండే రెండుసార్లు, అదీ మోకాలి లోతుకి. అయినా ఎంత లోతుకి వెళ్తే ఉక్కు మూలుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. పుస్తకం వచ్చి ఏడాదయింది. అచ్చయిన ఐదువందల కాపీల్లో నాలుగు వందల పైచిలుకు ఎక్స్‌రే గదిలో గోడవారగా తలదాచుకుంటున్నాయి.

ముందురోజే ప్రచురణకర్త ఫోన్ చేశాడు. "డాక్టరుగారూ, ఆఖరి ప్రయత్నం చేద్దాం. మిగిలిన కాపీలకి కొత్త అట్ట వేయిస్తాను. వెనకాల పాఠకుల మాటలు ఓ పదైనా ఉండాలి. రేపు ఐదింటికి అట్ట ప్రెస్సుకెళ్తుంది. లేదంటారా, ఆ కాపీల్ని మీరే ఏదో ఒకటి చేసుకోండి."

ఆ 'ఏదో ఒకటి' రాత్రంతా పిప్పిపన్నులా సలిపింది. పొద్దున్నే భార్యని అడిగాడు.

"నా పుస్తకం మీద నీ అభిప్రాయం ఏమిటి?"

"బాగా బరువుందండీ. వెనకగది తలుపు కొట్టుకోకుండా ఆనించాను. ఎంత గాలొచ్చినా కదల్లేదు."

దాన్ని అట్ట మీద వేయలేమనుకుని డాక్టరు క్లినిక్కుకి బయల్దేరాడు. అక్కడ అసిస్టెంటమ్మాయి చేతిలో ఆరు కాపీలు, ఒక నోటుబుక్కు పెట్టాడు. "హాల్లో కూర్చున్నవాళ్ళకి ఇవ్వు. ఎంత చదివితే అంత చదవనీ. మనసులో మాట అడిగి రాసుకో. ఒక్క అక్షరం మార్చకు."

మొదటి పేషెంటు లెక్కల మేష్టారు. నవల ఎప్పుడో కొన్న పాపానికి, నోట్లో దూది ఉండగానే దొరికిపోయాడు.

"ముగింపు ఎలా ఉంది మేష్టారూ?" అన్నాడు డాక్టరు, డ్రిల్లు ఆపకుండా.

"ఆఁ! ఆఁ... ఊఁ!"

"మాటలు రావడం లేదట, రాసుకో," అన్నాడు డాక్టరు అసిస్టెంటమ్మాయితో, పొంగిపోతూ.

దూది తీశాక మేష్టారు మెడ రుద్దుకుంటూ, "కుర్చీ కాస్త పైకి లేపమంటున్నానండీ," అన్నాడు. అప్పటికే ఆ మాట నోటుబుక్కులోకి ఎక్కేసింది.

మొద్దుబారిన దవడతో మేష్టారు హాల్లోకి వచ్చాడు. "నవల గురించి అడుగుతున్నాడు. చెప్పేదాకా డ్రిల్లు ఆపడు," అని గొణిగి వెళ్ళిపోయాడు. హాల్లో ఉన్న తొమ్మిదిమందికీ పన్నునొప్పి ఆ క్షణానికి మాయమైంది. వంతు వచ్చేలోగా నాలుగు వందల పదహారు పేజీలు! చేతుల్లో ఉన్న పుస్తకాల్ని పరీక్ష హాల్లో పిల్లల్లా తిప్పడం మొదలుపెట్టారు.

వాళ్ళని ఆదుకున్నవాడు టైలరు. వాచిన చెంపకి రుమాలు కట్టుకుని మూల కూర్చున్నాడు. బట్టని వెనక్కి తిప్పి కుట్టు చూసినట్టు, ఏ పుస్తకాన్నైనా చివరి పేజీ నుంచి చూడటం ఆయన అలవాటు. జలాంతర్గామిని నావికులు 'ఆమె' అంటారని ఎక్కడో చదివి, డాక్టరు నవలంతా అలాగే రాశాడు. టైలరు గొంతు సవరించుకుని పైకి చదివాడు.

"'ఆమె చివరిసారిగా మూలిగింది. ఆమె నల్లటి ఒంటిని చీకటి నీళ్ళు కమ్ముకున్నాయి. ఆమె కడుపులో నలభై రెండు గుండెలు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి.'"

అందరూ పేజీలు తిప్పడం ఆపేశారు. టైలరు అట్ట తిప్పి చూశాడు. ఆ బొమ్మ గీసింది డాక్టరు బావమరిది. బొద్దుగా ముక్కు, వెనకాల తోక, పక్కన కన్నులాంటి ఒకే ఒక్క కిటికీ.

"తిమింగలం," అని తేల్చాడు టైలరు. "నిండు చూలాలు."

"నలభై రెండు పిల్లలా?" అంది ఇస్త్రీ కొట్టు నడిపే ఆవిడ.

"సముద్రంలో జీవమ్మా. దాని లెక్కలు మనకేం తెలుసు?"

"మరి ఈ కెప్టెను ఎవరు? ప్రతి పేజీలో ఉన్నాడు."

"వాడే కదా దాన్ని వేటాడే దుర్మార్గుడు!"

ఇస్త్రీ ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆమెకి కవలపిల్లలు, ఆ ఇద్దర్ని మోయడమే ఎంత కష్టమైందో హాలంతటికీ చెప్పింది. పక్కనున్న బస్సు డ్రైవరు ముక్కు చీదాడు. నవల చదవని అసిస్టెంటమ్మాయి, చెప్పినవన్నీ అక్షరం మార్చకుండా రాసుకుంది.

ఒంటిగంటకి తలుపులోంచి తల పెట్టి, "సార్, పదీ వచ్చాయి. పంపేయనా?" అంది. డాక్టరు అప్పుడు ఒకాయన జ్ఞానదంతంతో పెనుగులాడుతున్నాడు.

"బాగున్నాయా?"

"ఇద్దరు ఏడ్చారు సార్."

డాక్టరుకి కళ్ళు చెమర్చాయి. "పంపేయ్!"

ఐదున్నరకి ప్రచురణకర్త ఫోన్ చేశాడు. ఆయన తన పుస్తకాల్ని అట్ట దాటి చదివే మనిషి కాదు. "ఇంత కథ పెట్టుకుని దానికి 'టార్పెడో దాడి' అని పేరేమిటండీ? మార్చేశాను. 'నలభై రెండు గుండెల తల్లి'. అట్ట ప్రెస్సులో తిరుగుతోంది!"

డాక్టరు నోటుబుక్కు లాక్కుని చదివాడు. 'ఆ తల్లి కష్టం పగవాడికి కూడా వద్దు.' 'కెప్టెను చేతులు పడిపోను.' 'మాటలు రావడం లేదు.' తెల్లకోటు, చేతి తొడుగులతోనే ప్రెస్సుకి పరుగెత్తాడు. ఆయన చేరేసరికి అట్టలు కట్టలు కట్టేస్తున్నారు. కట్టలు కట్టేవాడు ఈయన చేతి తొడుగులు చూసి, "పురుడు పోసే డాక్టరుగారా? రాసింది మీరేనా?" అని చేతులు జోడించాడు.

రెండు నెలల్లో ఎక్స్‌రే గది ఖాళీ అయింది. ఉత్తరాలు వచ్చాయి. యంత్రాల గోల తగ్గిస్తే బాగుండేదని కొందరు రాశారు గానీ, తిమింగలం ఎక్కడని ఒక్కరూ అడగలేదు. డాక్టరు నాలుగుసార్లు వివరణ రాసి నాలుగుసార్లూ చింపేశాడు. ఎవరో ఒకరు వచ్చి నిలదీస్తారని మాత్రం రోజూ భయపడేవాడు.

ఒక సోమవారం ఆ మనిషి రానే వచ్చాడు. తెల్లగడ్డం పెద్దాయన, కదులుతున్న పన్ను, చంకలో పుస్తకం.

"ఇరవై రెండేళ్ళు జలాంతర్గామిలో మెకానిక్కుగా చేశానండీ," అన్నాడు కుర్చీలో కూర్చుంటూ.

డాక్టరు చేతిలో అద్దం పక్కన పెట్టేశాడు. "నన్ను క్షమించండి. అది తిమింగలం కాదు..."

"నాకు తెలియదా? రెండో పేజీలోనే తెలిసింది. మా ఆవిడకి చెబితే ఒప్పుకోలేదు, తల్లే అంది. ఆలోచిస్తే ఆవిడ మాటే నిజమనిపించింది. నెలల తరబడి ఆ చీకట్లో, ఆ వెచ్చదనంలో దాన్నే నమ్ముకుని బతికాం. అది మూలిగితే మా ప్రాణాలు పోయేవి. ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేకపోయాను. మీరు రాశారు."

డాక్టరుకి తొమ్మిదేళ్ళ కష్టం తీరిపోయినట్టయింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"మరి యుద్ధం? ఆ పోరాటాల అధ్యాయాలు ఎలా ఉన్నాయి?" అన్నాడు ఆశగా.

"అన్నీ తప్పులేనండీ. కావాలంటే ఒక్కొక్కటే చెబుతాను," అన్నాడు పెద్దాయన, పుస్తకం తెరుస్తూ.

డాక్టరు గబగబా ఆయన నోట్లో దూది పెట్టేశాడు.