లోపల చూసొస్తానండీ

ఆ రోజు పొద్దున్న వదిన వేసుకున్న పథకం చాలా చిన్నది. నాలుగింటికి కొట్టులోంచి బయటపడాలి. పావుగంట నడిచి స్టేషన్ చేరాలి. నాలుగూ ఇరవైకి వచ్చే రైల్లో, మూడో పెట్టె కిటికీ దగ్గర అక్కను చూడాలి. వస్తానని అక్కకు కబురు కూడా పెట్టింది. రైలు ఆగేది ఏడు నిమిషాలు. ఆరేళ్ళ ఎడబాటుకు ఏడు నిమిషాలు ఏ మూలకని ఆమెకూ అనిపించింది. కానీ అక్క ఇల్లు అమ్ముకుని, కూతురి దగ్గర ఉండిపోవడానికి పోతోంది. ఈ దారిన మళ్ళీ రాదు.

ఆరేళ్ళ కిందట కోపంలో "ఇక నా గడప తొక్కకు" అన్నది వదినే. అక్క మాట పట్టింపు మనిషి. తొక్కలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాతే వదిన కోపం అణచుకోవడం నేర్చుకుంది. అదీ జీతం ఇచ్చి నేర్పారు గనక.

ఆమె చెప్పుల కొట్టులో పనిచేస్తుంది. అక్కడ అందరికీ ఆమె వదినే. ఆ కొట్టుకు రెండు కట్టుబాట్లున్నాయి. ఎవరు కూర్చోబెట్టిన కస్టమర్‌ను వాళ్ళే చివరిదాకా చూసి సాగనంపాలి. మధ్యలో ఇంకొకరికి అంటగట్టకూడదు. ఇది మొదటిది. రెండోది, కోపం వస్తే మొహంలో కనబడకూడదు. "లోపల చూసొస్తానండీ" అని వెనక గదిలోకి పోయి, ఇరవై లెక్కపెట్టి, నవ్వు తగిలించుకుని రావాలి. గదిలో చూడటానికి ఏమీ ఉండదు. ఖాళీ డబ్బాలు, విరిగిన స్టూలు, కస్టమర్లు వాపసు చేసిన జతలు కుక్కిన బస్తా ఒకటి. ఇరవైతో కోపం తీరని వాళ్ళు ఆ బస్తాను తన్నేవారు. ఏళ్ళ తరబడి తన్నులు తిని తిని దాని నడుం వంగిపోయింది.

"వెళ్ళమ్మా, నేనేం కాదన్నానా? కూర్చున్నవాళ్ళను లేపి మాత్రం వెళ్ళకు," అన్నాడు యజమాని పొద్దున్నే. వదిన తలూపి, ఫోను తీసి బిల్లులాయన సొరుగులో పెట్టింది. పని వేళల్లో ఫోన్లన్నీ అక్కడే ఉండాలి.

రెండున్నరకు నల్లకళ్ళజోడావిడ వచ్చింది. కొట్టులోకి వచ్చాక కూడా కళ్ళజోడు తీయలేదు.

"గోధుమరంగు అడిగితే బొగ్గు చూపిస్తావేమ్మా?"

"ఇది గోధుమరంగేనండీ. ఒక్కసారి కళ్ళజోడు తీసి చూడండి."

"అంటే నాకు కళ్ళు కనబడవనా?"

"అయ్యో, అలా అన్లేదండీ."

"ఇది పెట్టుకునే రోడ్డు దాటొచ్చాను. నీ చెప్పు రంగు కనబడదూ?"

వదిన పళ్ళు బిగించి నవ్వింది. "లోపల చూసొస్తానండీ."

ఇరవై లెక్కపెట్టి వచ్చేసరికి ఆవిడకు రంగు నచ్చింది. ఇప్పుడు కొలత నచ్చలేదు.

"ఎడమకాలికి ఏడు, కుడికాలికి ఎనిమిది ఇవ్వు."

"జత విడదీయమండీ."

"నా కాళ్ళు విడివిడిగానే ఉన్నాయిగా!"

"లోపల చూసొస్తానండీ."

మూడున్నరకు పందొమ్మిది జతలు నేలమీద పరుచుకున్నాయి. "మొదట చూపించావే, అది బాగుంది. దాన్ని దాచేశావేం?" అందావిడ.

"అది మీ కాలికే ఉందండీ."

"మరి చెప్పవేం? ఇంతసేపూ నా కాలం వృథా చేశావు."

ఈసారి వదిన లోపలికి పోయి నలభై లెక్కపెట్టింది. బస్తాను కూడా ఒకటి తన్నింది. ఆ చప్పుడు బయటికి వినిపించింది.

పక్క కుర్చీలో లేసులు కట్టుకుంటున్న ట్యూషన్ మాస్టారు చెవులు రిక్కించాడు. "గమనించారా? ఇది మూడోసారి. వెళ్ళినప్పుడల్లా ఏదో సర్దుతోంది. వచ్చేటప్పుడు మొహం వెలిగిపోతోంది."

"అదే నేనూ అనుకుంటున్నా," అంది నల్లకళ్ళజోడు. "మంచి సరుకు లోపల పెట్టి, మనకు బయటి చెత్త చూపిస్తున్నారు."

"పెద్దవాళ్ళకోసం దాస్తారండీ. మనం ఏపాటి?"

ఆ మాట గుమ్మం దాటింది. బస్సుకోసం నిలబడ్డవాళ్ళు బస్సు వదులుకుని లోపలికొచ్చారు. చెప్పులు అక్కర్లేనివాళ్ళు కూడా వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వదిన ముందున్న బెంచీల మీద కూర్చుంటున్నారు. పదిహేనుమంది. గోడ గడియారంలో మూడూ యాభై.

"అమ్మా, నాకు లోపలివి చూపించు."

"లోపల ఏమీ లేవండీ."

"నేనేం ఊరికే అడగట్లేదు, డబ్బిచ్చే కొంటా."

"నిజంగా లేవండీ!"

"మరి అన్నిసార్లు ఎందుకెళ్ళావు? దణ్ణం పెట్టుకోవడానికా?" అంది నల్లకళ్ళజోడావిడ. అందరూ నవ్వారు.

అంతే, ఆరేళ్ళుగా లెక్కపెట్టిన ఇరవైలన్నీ ఒక్కసారి తెగిపోయాయి. "మీ మొహాలు చూడలేక వెళ్ళానండీ! కాసేపు గోడ మొహం చూసి బతుకుదామని వెళ్ళాను! చాలా? ఇక లేవండి, నేను పోవాలి!" అని అరిచి, విసురుగా గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

ఉద్యోగం పోయిందనే అనుకుంది వదిన, తలుపు వెనక నిలబడి. పోతే పోయింది, రైలందుతుంది. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, ఇరవై లెక్కపెట్టడం కూడా మరిచిపోయింది.

"చూశారా!" అంది బయట నల్లకళ్ళజోడు. "అంత ఉక్రోషం ఊరికే వస్తుందా? గుట్టు బయటపడిందని!"

గోల విని యజమాని మేడ మీదనుంచి దిగాడు. జనాన్ని చూశాడు. సగం మాత్రమే విన్నాడు. వ్యాపారికి ఆ సగం చాలు. తలుపు తోసి, వదినను పక్కకు జరిపి, బస్తాను స్వయంగా ఈడ్చుకొచ్చి బోర్లించాడు.

"అబ్బ, ఎంత మెత్తగా ఉన్నాయో!" అన్నాడు మాస్టారు ఒక జోడు వంచి చూస్తూ.

మెత్తగా ఉండవూ మరి. కొట్టులో పనిచేసిన ప్రతివాళ్ళూ వాటిని తన్నినవాళ్ళే.

"ఇవి వేసుకుని నడవక్కర్లేదండీ, అవే నడుస్తాయి," అన్నాడు యజమాని. ఆ తర్వాత వదిన చెవిలో, "అద్భుతం తల్లీ! ఎవరినీ లేపకు. అందరూ నువ్వు కూర్చోబెట్టినవాళ్ళే," అన్నాడు.

వదిన గుమ్మం వైపు చూసింది. గుమ్మానికీ ఆమెకీ మధ్య పదిహేను జతల కాళ్ళు చాచి ఉన్నాయి. నాలుగూ ఇరవైకి దూరంగా రైలు కూత వినబడింది. అప్పుడామె నేలమీద కూర్చుని నల్లకళ్ళజోడావిడ కాలికి బకిల్ పెడుతోంది.

"మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తావేమ్మా?"

"ఏం లేదండీ."

"నెమ్మదిగా పెట్టు. నాకేం తొందర లేదు."

వదిన నెమ్మదిగానే పెట్టింది. రెండో కూత వినబడేసరికి రెండో కాలు పూర్తయింది.

అయిదింటికి కొట్టు ఖాళీ అయింది. ఫోనుకోసం వెళితే బిల్లులాయన సొరుగు తీస్తూ, "మర్చేపోయాను వదినా, మీ అక్కగారు ఫోన్ చేశారు. మోగుతూనే ఉంటే నేనే ఎత్తాను," అన్నాడు.

"ఎప్పుడు?"

"నువ్వు అరిచి లోపలికి పోయావే, అప్పుడు. చెల్లి బయల్దేరిందా అని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"ఉన్నదే చెప్పాను. వదిన చాలా కోపంగా ఉంది, తలుపేసుకుంది, ఇప్పుడు రాదండీ అన్నాను."

"అక్కేమంది?"

"'ఇంకా కోపమేనా?' అన్నారు. ఆ తర్వాత, 'సరేలే బాబూ, పిలవకు' అన్నారు. చాలా మంచి మనిషిలా ఉన్నారు వదినా, మన కస్టమర్లలా కాదు."

వదిన నాలుగుసార్లు ఫోన్ చేసింది. నాలుగుసార్లూ మోగి మోగి ఆగిపోయింది. అక్క మాట పట్టింపు మనిషి.

మర్నాటి నుంచి కొత్తగా చేరినవాళ్ళకు కోపాన్ని జయించడం నేర్పే పని యజమాని వదినకే అప్పగించాడు.