విమర్శలో వాన పడకూడదు!

మా ఆయన మీద నాకొక పెద్ద ఫిర్యాదు ఉంది. ఆయన అప్పుడప్పుడూ పుస్తకం తెరుస్తారు!

తేలిగ్గా తీసుకోకండి. మా ఆయన దత్తాత్రేయగారు కాలేజీలో తెలుగు లెక్చరర్ మాత్రమే కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు ఊళ్ల సాహిత్య సభలకూ ఆస్థాన విమర్శకుడు. అలాంటి మనిషి చేతిలో పుస్తకం తెరిచి ఉండటం ఎంత అప్రతిష్ఠ! అదృష్టం కొద్దీ ఆయన తెరిచేది కృతజ్ఞతల పేజీ ఒక్కటే. తన పేరు ఉందో లేదో చూసుకుని మూసేస్తారు. అంతవరకూ క్షమించవచ్చు.

మంచి విమర్శకుడికి ఉండాల్సిన మొదటి లక్షణం చదవకపోవడం. ఎందుకో చెబుతాను. చదివినవాడికి పుస్తకం నచ్చుతుంది, లేదా నచ్చదు. ఇక నిష్పాక్షికత ఎక్కడిది? చదవనివాడి మనసు తోమి బోర్లించిన స్టీలు గిన్నెలా ఉంటుంది. అందులో ఏ మరకా ఉండదు!

మరి చదవకుండా ఏం మాట్లాడతారంటారా? రచయిత అడ్రస్ చాలదూ! గోదావరి వైపు అడ్రస్ అయితే 'పచ్చదనం'. కడప జిల్లా అయితే 'కరువు'. రాసింది ఆడమనిషి అయితే 'కన్నీరు'. ముస్లిం ఆడమనిషి అయితే 'పరదా చాటు వేదన'. ఈ నాలుగు మాటలతోనే మా ఆయన ఇన్నేళ్లూ శాలువాలు తెస్తున్నారు. బీరువా తలుపు మూతపడటం లేదు.

బయట మా కడప జిల్లాలో వాన పడితే పడనీండి. విమర్శలో మాత్రం పడకూడదు. అదొక క్రమశిక్షణ.

ఈ క్రమశిక్షణ తెలియని పిల్ల ఖైరున్నీసా. జమ్మలమడుగులో టీచరు. 'పెండ్లి బస్సు' అని మొదటి కథల పుస్తకం వేసింది. మా ఇంటికి తెచ్చి ఇచ్చి, వంటింట్లో నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ అంది:

"అక్కా, నవ్వించల్లని రాసినా. మా ఇంట్లో అందరూ నవ్వినారు. ఇంట్లోవాళ్లు ఎట్లయినా నవ్వుతారు గదా! సారు గూడా నవ్వితే రెండోది రాస్తా. లేదంటే నాకు రాయడం చేతగాదని ఊరకుంటా."

సారు నవ్వాలంటే ముందు చదవాలి గదమ్మా! ఈ మాట నేను పైకి అనలేదు.

మా ఇంటి పద్ధతి ఏమిటంటే, పుస్తకం నేను చదువుతాను, భోజనం దగ్గర కథ చెబుతాను, సాయంత్రం ఆయన మైకులో విశ్లేషిస్తారు. ప్రొద్దుటూరు సభ రోజు కూడా పప్పన్నం కలుపుకుంటూ అడిగారు.

"ఏమే, ఆ పాప పుస్తకంలో ఏముంది? రెండు ముక్కల్లో జెప్పు."

"మన జిల్లా పిల్ల. ముస్లింల అమ్మాయి. పెండ్లి, బస్సు. మీకు తెలియందేముంది?"

"సాల్లే, అర్థమైపాయ," అని మజ్జిగ పోసుకున్నారు.

నేను ఒక్క అబద్ధమైనా ఆడానా? మీరే చెప్పండి!

సభలో విజృంభించారు. "పెళ్లి అంటే ఏమిటి? కట్నం! బస్సు అంటే ఏమిటి? వలస! ఈ కథల్లో ఒక్క చినుకు రాలదు! పరదా చాటున ఒక్క చిరునవ్వు మొలవదు!"

ముందు వరుసలో ఖైరున్నీసా వీధి ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతున్నారు. మా ఆయన వాళ్లవైపు చెయ్యి చాచారు. "చూడండి, ఆ తల్లులు ఎలా కుమిలిపోతున్నారో!"

ఖైరున్నీసా అత్త మహబూబ్‌బీ ఇక ఆగలేకపోయింది. "యాడ ఏడుస్తాండాం అప్పా? పెన్నేటికి నీళ్లొచ్చి పెండ్లి బస్సు ఆగిపాయ. ఆకలికి తాళలేక పెండ్లోళ్లకు బోయే బిర్యానీ డేక్సా అంతా మేమే ఊడ్చి తింటిమి. ఆ కత గదా అది! నువ్వు ఏ బుక్కు సదివినావో ఏమో!"

హాలంతా గొల్లున నవ్వింది. ఖైరున్నీసా ఒక్కతే నవ్వలేదు. మిగిలిన పుస్తకాలు సంచిలో సర్దుకుంటూ నాతో అంది: "నవ్వుల కత రాస్తే సారుకు కరువు కనపడిందంటే, నాకు రాయడం రాలేదనే గదక్కా? అంత పెద్దాయన సదవకుండా మాట్లాడతాడా? ఇంక సాలు."

చూశారా, మంచి విమర్శకుడి సత్తా! చదవకుండానే ఒక రచయిత్రి చేత రాయడం మాన్పించేయగలడు.

మరుసటి రోజు భోజనం దగ్గర నేను కథ చెప్పలేదు. ఆ పిల్ల అన్న మాట చెప్పి, కంచం పక్కన పుస్తకం పెట్టాను. "పులివెందులలో గూడా దీనికి సభ ఉందంట. ఈసారి మీరే చూసుకోండి."

మా ఆయన పుస్తకం తెరిచారు. డేక్సా మూత తీసే చోట నవ్వొచ్చి పొలమారింది. నీళ్లు తాగారు, మళ్లీ నవ్వారు. తర్వాత ముఖం చిన్నబోయింది. చెయ్యి కడుక్కుని ఖైరున్నీసాకు ఫోన్ చేశారు.

"నేను చదవలేదమ్మా. పొరపాటైంది."

అవతలి నుంచి ఆ పిల్ల గొంతు వినిపించింది: "ఇంట్లో కూచ్చోని ఫోన్లో జెప్తే ఎట్ల సార్? నిన్న మైకులో అంటిరి గదా!"

ఇక ఒక మంచి విమర్శకుడు ఎలా చెడిపోయాడో వినండి. పులివెందుల వేదిక మీద మా ఆయన, "నేను ఈ పుస్తకం చదివినా," అని మొదలుపెట్టగానే పక్కనున్న విమర్శకులు ద్రోహిని చూసినట్టు చూశారు. ఆయన మైకు వదల్లేదు.

"పొద్దుటూరులో చదవకుండానే మాట్లాడినా. తప్పు నాది. చదివినాక కడుపుబ్బ నవ్వినా. రెండోది రాయమ్మా. చదివేదాకా నేను నోరు తెరవను."