పచ్చలైటు కింద దోన్యా నీమియా

దేశంలో ఏ ప్రింటరుకు జలుబు చేసినా తనకు తెలిసి తీరుతుందని మంత్రి సార్సాగారు రేడియోలో ప్రకటించారు. యంత్రాల మీద ఇంత దయగల మంత్రి పరాగ్వేలో అంతకుముందు పుట్టలేదు. ఆయన ప్రతి ఆఫీసులో ఒక యూనిక్స్ సర్వరు పెట్టించారు. అది కాసేపటికోసారి ప్రింటరును “ఎలా ఉన్నావ్?” అని అడుగుతుంది. జవాబొస్తే బోర్డు మీద పచ్చలైటు. రాకపోతే ఎర్రలైటు, లాగ్‌లో ఒక ఎర్రరు, ఆఫీసరుకు ఒక మెమో.

గుమాస్తా విల్‌ఫ్రిదో పనిచేసే జనన మరణాల ఆఫీసులో లైటు ఎర్రగా ఉంది. వానకు కప్పు కారి ప్రింటరు తడిసి చచ్చింది. దాని ఎదురుగా బెంచీ మీద, చిపా రొట్టెల బుట్ట ఒళ్లో పెట్టుకుని దోన్యా నీమియా కూర్చుంది. బతికే ఉన్నానని ఏటా ఈ ఆఫీసు ఇచ్చే కాగితం పంపితేనే ముసలామెకు పింఛను. నెలాఖరు దగ్గర పడింది.

ఆఫీసరు రెకాల్దే చల్లటి తెరెరె టీ పీల్చే గొట్టం నోట్లోంచి తీశాడు. “శుక్రవారం మంత్రిగారొస్తున్నార్రా. ఆ లైటేంటి, అలా ఏడుస్తోంది?”

“కొత్త ప్రింటరు కావాలి సార్.”

“నేనడిగింది లైటు గురించి. ప్రింటరు గోల ఎవడిక్కావాలి?”

విల్‌ఫ్రిదో సర్వరు అడిగే ప్రశ్నను సర్వరుకే తిప్పాడు. అడిగేదీ అదే, “బాగున్నా” అనేదీ అదే. యూనిక్స్‌లో ఏది పడేసినా మాయమయ్యే గొయ్యి ఒకటుంది. ఎర్రర్లను అందులోకి మళ్లించాడు. లైటు పచ్చబడింది.

“ఇది తప్పు కాదుగదా?”

“మన నివేదికలూ ఇంతే కద్సార్. మనమే అడిగి మనమే చెప్పుకుంటాం.”

“అయితే పద్ధతి ప్రకారమే.”

నీమియా లేచింది. “నాయనా, ఇక నా కాగితం?”

“ప్రింటరు పనిచెయ్యదవ్వా.”

“పచ్చగా వెలుగుతోందే!”

“లైటు పనిచేస్తోంది.”

“పోనీ చేత్తో రాసివ్వు.”

“చేతిరాత చెల్లదు. పక్క ఊరెళ్లు.”

“నిన్న వెళ్లొచ్చా. అక్కడా పచ్చగానే ఉంది.”

శుక్రవారం మంత్రిగారు బోర్డు చూసి పొంగిపోయారు. నీమియా అడ్డం వెళ్లింది. “బాబూ, మీ ప్రింటరు చచ్చినా బతికినట్టే. నేను బతికున్నా చచ్చినట్టే. ఇదేం న్యాయం?”

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. “ఈ తల్లిని కూడా బోర్డెక్కించండి!”

విల్‌ఫ్రిదో ప్రింటర్ల జాబితాలో ఆమె పేరు కొట్టాడు. ‘దోన్యా నీమియా: సిద్ధం. ఎర్రర్లు లేవు.’ చప్పట్లు మోగాయి. మంత్రిగారు రెండు చిపాలు తిని, ఫొటో దిగి, వెళ్లిపోయారు.

పింఛను ఆఫీసు ఫోనులో ఎంతో సంతోషించింది. “బోర్డు అద్భుతంగా ఉందటండీ. ప్రింటు తీసి పంపండి.”

పింఛను ఆగింది. అక్కడ జూలైలోనే చలికాలం. ఆ చలిలో, బస్టాండులో, దగ్గుకుంటూ చిపాలు అమ్మింది నీమియా. చలి తగ్గేలోపే పోయింది. మరణ పత్రం కూడా ప్రింటు కాలేదు.

“బోర్డులోంచి పేరు తీసేయనా సార్?” అన్నాడు విల్‌ఫ్రిదో, బూట్లకంటిన సమాధి మట్టి దులుపుకుంటూ.

“తీస్తే ఎర్రరు పడుతుందేమోరా. ఉండనీ పాపం.”

డిసెంబరులో పతకాలు ప్రకటించారు. ఏడాది పొడుగునా ఒక్క ఎర్రరూ లేని ఉత్తమ ప్రింటరు, దోన్యా నీమియా. సభకు రాలేదని మంత్రిగారు నొచ్చుకున్నారు. వెంటనే సంజాయిషీ కోరుతూ ఆమెకు మెమో ఇవ్వమన్నారు.

విల్‌ఫ్రిదో మెమో టైపు చేశాడు. ప్రింటు నొక్కాడు. పచ్చలైటు వెలుగుతూనే ఉంది.