భ్రమరాంబ వేసిన దావా

జడ్జిగా ప్రమాణం చేసిన రోజున ఓలేటి జగన్నాథంగారు, నియమం ప్రకారం, తనకు తెలిసిన మనుషులందరినీ మరిచిపోయారు. తెల్లదొరల కాలంలో ఇది వింత కాదు. వకీలు అయినప్పుడు సొంత అభిప్రాయాలనూ, చట్టసభకు వెళ్లినప్పుడు పాత కక్షిదారులనూ ఆయన ఇలాగే మరిచిపోయి ఉన్నారు. జడ్జికి ఎవరూ తెలిసి ఉండకూడదు గనక ఈసారి అన్నదమ్ములు, స్నేహితులు, చివరికి భార్య కూడా జ్ఞాపకంలోంచి పోయారు.

ఆ సాయంత్రం బంగళా వాకిట్లో భార్య భ్రమరాంబను బంట్రోతు ఆపాడు.

"లోపలికి పంపడానికి లేదమ్మగారూ. అయ్యగారు మిమ్మల్ని ఎరగరు. ఎరగాలంటే దావా వెయ్యాలి."

తనను భార్యగా గుర్తించి ఇంట్లోకి రానివ్వాలని ఆమె దావా వేసింది. అది ఆయన దగ్గరికే విచారణకు వచ్చింది. పక్షపాతం లేని జడ్జి ఆ జిల్లాలో ఆయనొక్కరే.

"నీ భర్త పేరేమిటమ్మా?" అని ఆయన మర్యాదగానే అడిగారు.

బోనులో ఆమె తల దించుకుంది. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందని పుట్టింట్లో చెప్పి పంపారు.

"మీకు తెలుసు గదండీ."

"తెలియదు. తెలిస్తే ఈ కుర్చీలో కూర్చోను."

కోర్టులో అందరికీ తెలుసు. కాని వాది చెప్పవలసిన మాట ఇంకొకరు చెప్పకూడదు. శిరస్తాదారు జాలిపడ్డాడు.

"పోనీ, పూరీలో దేవుడి పేరనుకుని చెప్పెయ్యండమ్మా."

"దేవుడనుకుని చెప్పినా ఆయనకు తగలదా, నాయనా?"

"ఇంతటి ఇల్లాలిని ఈ కోర్టు చూడలేదు. ఆ భర్త ఎవరో అదృష్టవంతుడు," అని జడ్జిగారు దావా కొట్టివేయడానికి కలం తీశారు. వాది పేరు వాది నోటనే విని తీర్పులో రాయడం రివాజు.

"ఇంతకీ నీ పేరు?"

కాపురానికి వచ్చింది మొదలు ఆయన ఆమెను "ఏమే" అనే పిలిచారు.

"భ్రమరాంబండి."

"భ్రమరాంబ," అని ఆయన నిదానంగా పలికి, రాసుకున్నారు.

బయట వరండాలో ఆమె వకీలు ఓదార్చాడు. "దిగులుపడకండమ్మా. అప్పీలు చేస్తే పైకోర్టులో తప్పక గెలుస్తాం."

"అక్కడ జడ్జి వేరే ఆయనా?"

"వేరే ఆయనే."

"అయితే వద్దు బాబూ. ఇక్కడే ఇంకో దావా వెయ్యి."

"అదీ పోతుందమ్మా."

"పోనీలే. పేరు అడుగుతారు గదా."

ఆ ఏడాది ఊళ్లో మరికొందరు ఇల్లాళ్లు కూడా అలాంటి దావాలే వేశారు. వాళ్ల భర్తలు జడ్జీలు కారు.