ఆర్డరు రానివ్వండి

నో పార్కింగ్ బోర్డు ఒకటి పాతడానికి మా నగర ట్రాఫిక్ విభాగం నాలుగేళ్లుగా ఆలోచిస్తోంది. అందుకని దాన్ని తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అంత తొందరేం వచ్చింది? బోర్డేమైనా కాఫీయా, చల్లారిపోవడానికి?

తొందరపడి తప్పు చేసేది మనిషి. ఆఫీసు తొందరపడదు. ఒక బడి ముందు జీబ్రా గీతలకు అనుమతి వచ్చేసరికి ఆ బడిలో చదివిన పిల్లలకు పిల్లలు పుట్టారు. అయితే నష్టమేముంది? వాళ్లూ అదే బడికి వెళ్తున్నారు. ఇంకో వీధిని వన్‌వే చేయాలా వద్దా అని పదకొండేళ్లు చర్చించారు. ఈలోగా పైపుల కోసం వీధినే తవ్వేశారు. ఇప్పుడు ఏ వే లేదు, గొడవా లేదు. ఇంత నిదానం మీ ఇళ్లలో ఎవరికైనా ఉందా?

నమ్మకపోతే మా సందు ఫైలు చూడండి.

మా సందు మెయిన్ రోడ్డు నుంచి తిన్నగా వచ్చి, మూలింటి దగ్గర ఎడమకు తిరుగుతుంది. ఆ మలుపులో మూలింటివాళ్ల కారు ఆగి ఉంటుంది. పక్కనుంచి స్కూటర్లు వస్తాయి, చిన్న కార్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని వస్తాయి. అంబులెన్సు తిరగదు. అక్కడ బండి ఆపకూడదని ఒక బోర్డు పెట్టమన్నదే మా దరఖాస్తు.

అది రాసింది నా భార్య. నేను పల్లెబడిలో ఏడో తరగతితో ఆగినవాణ్ణి. ఆమెది గుండ్రటి దస్తూరీ. గుండెలో మొదటిసారి నొప్పి వచ్చి తగ్గిన వారమే కూర్చుని రాసింది. ఇద్దరం కలిసి తీసుకెళ్లాం. రెండో అంతస్తులో, కిటికీకి బీరువా అడ్డం పెట్టిన గదిలో, సెక్షను గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇంతవరకు అక్కడ ఏమైనా జరిగిందా అమ్మా?"

"ఇంకా లేదండీ."

"జరిగుంటే ప్రయారిటీ లిస్టులో పెట్టేవాణ్ణి," అని అతను నిజంగానే నొచ్చుకున్నాడు.

చూశారా? మన వైపు లోపమేమిటో ఇంత మర్యాదగా చెప్పేవాళ్లు ఎంతమందికి దొరుకుతారు?

ఆరు నెలలకు సర్వే వచ్చింది. ఇద్దరు మనుషులు మలుపు దగ్గర ప్లాస్టిక్ స్టూళ్లు వేసుకుని మూడు రోజులు కూర్చున్నారు. సందులోకి వచ్చిన ప్రతి బండికీ కాగితం మీద ఒక గీత.

రెండో రోజు ఉదయం పదకొండింటికి అంబులెన్సు వచ్చింది. మా ఇంటికే. మలుపు దాకా వచ్చి, తిరగలేక, హారన్ కొట్టి కొట్టి, వెనక్కి పోయి మెయిన్ రోడ్డు మీద ఆగింది. కారు ఆసామికి బజారులో కళ్లద్దాల షాపుంది. ఆయన షాపులో ఉన్నాడు, తాళం ఆయన జేబులో ఉంది. నా భార్యను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోశాం. అందులో ఒకడు సర్వే మనిషే. బాధ్యత తెలిసినవాడు. కాగితం ఎగిరిపోకుండా దాని మీద రాయి పెట్టి మరీ వచ్చాడు.

మోస్తుంటే ఆమె, "గ్యాస్ కట్టేశారా?" అంది.

కట్టేశానన్నాను. కట్టలేదు.

ఆస్పత్రి గేటు దాకా ఉంది. లోపలికి రాలేదు.

సర్వే రిపోర్టులో అంబులెన్సులు సున్నా అని రాశారు. వెళ్లి అడిగాను. గుమాస్తా ఓపిగ్గా చెప్పాడు.

"లోపలికొచ్చిన బండికే గీతండీ. వెనక్కి పోయిన బండికి కాలమ్ లేదు."

"మీవాడే కదయ్యా కుర్చీ మోసింది?"

"మోశాడండీ, చెప్పాడు. కానీ కుర్చీ బండి కాదు కదా."

కాదు. ఈ మాట కాదనే ధైర్యం మీకుందా?

ఏడాది తిరిగింది, గుమాస్తా మారాడు. దరఖాస్తును ఏటా రెన్యువల్ చేయించాలని కబురొస్తే వెళ్లాను.

"దరఖాస్తుదారే వచ్చి సంతకం పెట్టాలండీ."

"ఆవిడ రాలేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"ఇప్పుడు ఆ బాధలేం లేవు."

"పోనీలెండి. వీలు చూసుకుని రమ్మనండి."

ఆమె రావాలని అంతగా కోరుకున్నది నేనుకాక ఆ ఆఫీసొక్కటే. ఆ సంగతి నేను మర్చిపోను. చివరికి మరణ ధ్రువపత్రం మూడు కాపీలు ఇస్తే ఫైలు నా పేరుకు మార్చారు.

ఆ తర్వాత మూలింటి గోడకు పసుపు కాగితం అంటించారు. బోర్డు మీద అభ్యంతరాలుంటే ఇరవై ఒక్క రోజుల్లో తెలపాలి. ఇరవయ్యో రోజున ఒకటి వచ్చింది. కళ్లద్దాల షాపాయనది. "పంతొమ్మిదేళ్లుగా అక్కడ కారు పెడుతున్నాను. ఈ సందులోకి అంబులెన్సు వచ్చిన దాఖలా లేదు," అని రాసి, సర్వే రిపోర్టు జతచేశాడు.

ఒక్క మనిషి అభ్యంతరం చెబితే చాలు, ఫైలు మళ్లీ మొదటికి. ఒక్కడి మాటకు ఇంత విలువ ఇంకెక్కడైనా ఉందా? నా మాటకు మా ఇంట్లోనే ఉండేది కాదు.

మొన్న ఆదివారం ఆ షాపాయన మా మెట్లెక్కి వచ్చాడు. చేతిలో కాగితం. మనిషి సగమయ్యాడు.

"బాబాయ్, అమ్మ గుండె సగం కూడా పనిచేయట్లేదన్నారు. ఎప్పుడేమవుతుందో చెప్పలేమన్నారు."

"కూర్చో."

"మలుపులో నో పార్కింగ్ పెట్టమని నేనే అప్లికేషన్ పెట్టాను. అభ్యంతరం లేదని సందులో అందరూ సంతకాలు పెడితే త్వరగా అవుతుందట. మీరొక్కరే మిగిలారు. పిన్నిని తలుచుకుని పెట్టండి."

పిన్ని అన్నాడు. ఈ నాలుగేళ్లలో అదే మొదటిసారి.

"నాకు ఇరవై ఒక్క రోజులు గడువుందిగా?"

"మీకుంది బాబాయ్. అమ్మకే ఉందో లేదో."

వాళ్లమ్మ నా భార్యను చెల్లీ అని పిలిచేది. నా భార్య పోయాక నెల రోజులు రెండు పూటలా క్యారియర్ పంపింది. ఆ రోజు తాళం ఆమె దగ్గరుంటే కారును తనే తోసేసి ఉండేది. పెన్ను తీశాను.

"కారు ఇప్పుడెక్కడుంది?" అని అడిగాను.

"ఎక్కడుంటుంది బాబాయ్, అక్కడే."

"మరి తియ్యి."

"ఆర్డరు రానివ్వండి. నేను తీస్తే రేపు ఇంకెవడో తెచ్చి పెడతాడు. బోర్డు లేకుండా వాణ్ణి ఏమని తియ్యమంటాం?"

"వాణ్ణి నేను చూసుకుంటా. నువ్వు నీది తియ్యి."

"మీకు తెలీదు బాబాయ్. దేనికైనా ఒక పద్ధతుంటుంది."

ఇదండీ నేను ఇందాకటి నుంచి చెప్తున్నది. కారు తీయడానికి అర నిమిషం. దానికి సర్వే అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు, ముసలివాడి సంతకం అక్కర్లేదు. అంత చిన్న పని చేయకుండా ఉండటానికి మనిషికి ఎంత పెద్ద ఆఫీసు కావాలి! మన నగరం ఆ ఆఫీసు కట్టించి ఇచ్చింది. రెండో అంతస్తు కూడా వేసింది. నాలుగేళ్లు నేను ఆ మెట్లెక్కి గుమాస్తాల మీద కోపం తెచ్చుకున్నాను. వాళ్లకు క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఎక్కాల్సినవి మూలింటి మెట్లు. మూడే ఉంటాయి.

సంతకం పెట్టాను. వాళ్లమ్మ కోసం.

అతను కాగితం రెండు చేతులా అందుకుని దిగి వెళ్లాడు. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. మలుపు దగ్గర కారు పక్కన ఆగాడు. కాసేపు ఆలోచించాడు. దారి వైపున్న సైడు అద్దాన్ని లోపలికి మడిచి, నా వైపు తిరిగి చెయ్యి ఊపాడు.

ఈసారి వచ్చే అంబులెన్సుకు జానెడు దారి కలిసొచ్చింది.